వాలుగ చేపకు మెట్లు

అరవైల చివర్లో, మా ఊరి మొత్తానికి ట్రాన్సిస్టర్ ఒకటే ఉండి అది కూడా పెళ్ళిళ్ళకు అరువు వెళ్ళిపోయే రోజుల్లో, ప్రపంచ రాజకీయాలు మా వీధి ఆడవాళ్ళకు నా నోటి ద్వారానే తెలిసేవి. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

నా బడిచదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతాది శాఖా గ్రంథాలయంలో జరిగింది. మా అత్తవారి ఊరు పొందూరుకు నడిచిపోయేంత దూరం. వడికిన నూలు చిలపలు ఖాదీ సంఘంలో అప్పగించి కొత్త పత్తి తెచ్చుకోవడానికి వారానికొకసారి వెళ్ళేదాన్ని. సంఘానికి ఎదురుగా ఉన్న పెంకుటిల్లే గ్రంథాలయం. మొదటిసారి నేను గడప దాటగానే గ్రంథపాలకుడు "సంఘం అటువైపమ్మా" అని చెయ్యి చూపించాడు. కొన్నాళ్ళకు ఆయనే నాకోసం పుస్తకాలు పక్కన తీసి ఉంచడం మొదలుపెట్టాడు. నవలలు నాకు చిక్కేవి కావు, వాటికి గిరాకీ ఎక్కువ. ఎవరూ తాళం తీయమని అడగని బీరువా ఒకటుండేది. అందులో దేశదేశాల చరిత్రలు, నదుల పథకాలు, యుద్ధం అయ్యాక ఏ దేశం ఎలా లేచి నిలబడిందో చెప్పే లావుపాటి పుస్తకాలు. వాటికి నేనూ చెదపురుగులూ తప్ప వేరే పాఠకులు లేరు. చెదపురుగుల కంటే నేనే ముందు పూర్తి చేశానని ఇప్పటికీ నమ్మకం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంటి అరుగు మీద వీధిలోని ఆడవాళ్ళంతా రాట్నాలు తెచ్చుకుని కూర్చునేవారు. నేను చదివేదాన్ని, వాళ్ళు వినేవారు. చదివినంతసేపూ నా చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి నా వంతు పని పంచుకోవాలని ఒప్పందం. మొదట్లో నా నూలు కూడా వాళ్ళే వడికేస్తామన్నారు. మా అత్త ఒప్పుకోలేదు.

"ఆరు సేతుల నూలు ఒక్క సిలపలోనా? గోనెసంచి కుట్టుకోడానికేటి?" అంది.

అందుకని నా పత్తిలో గింజలు తీయడం, దువ్వడం వాళ్ళు చేసేవారు. వడకడం మాత్రం దీపాలవేళకు ముందు నేనే కూర్చుని చేసుకునేదాన్ని.

దువ్వడం అన్నానుగా, దాని సంగతి చెప్పాలి. మా వైపు సన్ననూలు పత్తిని దువ్వేది ఇనపదువ్వెనతో కాదు, వాలుగ చేప దవడతో. వాలుగకు సన్నటి పళ్ళు గడ్డిదుబ్బులా ఒత్తుగా ఉంటాయి. ఆ దవడను ఎండబెట్టి, పత్తికాయలోని పోగుల మీద మెల్లగా లాగితే పోగులన్నీ ఒకే వైపుకు తిరిగి వెంట్రుకల్లా నిలుస్తాయి, నలుసులు రాలిపోతాయి. మనుషులు చేసిన పరికరాలు చాలా వచ్చాయి, పోయాయి. పోగు తెగకుండా దువ్వినది మాత్రం ఆ చేపే. ఏటి ఒడ్డు నుంచి చేపలమ్మే ఒకావిడ అప్పుడప్పుడు బుట్ట అడుగున దవడలు పెట్టుకుని వచ్చేది. మా అత్త ఒక్కొక్కటి వేలితో తడిమి, చెంపకు రాసుకుని, నచ్చితేనే తీసుకునేది. పెళ్ళికూతుర్ని ఎంచినప్పుడు కూడా ఆవిడ అంత తడమలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పెళ్ళికూతుర్ని నేనే.

ఆ వీధిలో అంత సన్నంగా వడికేది మా అత్త ఒక్కతే. కళ్ళు మసకబారినా వేళ్ళతోనే పోగును చూసేది. ఆవిడ నూలు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప కనిపించేది కాదు. సంఘంవాళ్ళు ఆవిడ చిలపలను వేరే గూట్లో పెట్టేవారు. మా అత్తకు ఇంతకు మించిన ఆస్తి లేదు, గర్వమూ లేదు.

ఇక నా చదువు. యుద్ధంలో ఓడి బూడిదైన ఒక దేశాన్ని డెబ్బై దాటిన ముసలాయన చేతిలో పెట్టారని, ఆయన దాన్ని మళ్ళీ కర్మాగారాలతో నింపాడని చదివాను.

"డెబ్బై దాటినాక రాజ్జెం ఇచ్చీసినారా? అయితే నాకింకా టైమున్నాది" అంది అత్త.

జపానులో తుపాకిగుండు లాంటి రైలు వేశారని చదివాను. ఎదురింటి పిన్నికి అది నచ్చలేదు. ప్రతి మాటకూ ఎదురుమాట వేయందే ఆవిడ రాట్నం తిరిగేది కాదు.

"ఓలమ్మా, అంత బేగి ఎల్లిపోతే ఎక్కీదెప్పుడు, దిగీదెప్పుడే? సీకాకులం రోడ్డులో దిగాల్సినోడు బరంపురంలో తేల్తాడు."

ఈజిప్టు నాయకుడు నదికి అడ్డంగా కొండంత ఆనకట్ట తలపెట్టాడనీ, పాత గుడి మునిగిపోకుండా దాన్ని ముక్కలుగా కోసి, అంకెలు వేసి, ఎత్తు మీదికి మోసుకుపోయి అతికిస్తున్నారనీ చదివాను.

"దేవుణ్ణి కూడా కోసినారేటే?" అంది పిన్ని.

"కోశారు పిన్నీ."

"మరి హారతి ఏ ముక్కకి ఇచ్చినారో పాపం" అంది అత్త. ఆ రోజు ఎవరి నూలూ తెగకుండా సాగలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఏటి మీద కూడా ఆనకట్ట కడతారని మాట పుట్టింది. మా ఊరికి ఎగువన ఒక జీపు వచ్చి ఆగేది. ఒక కుర్ర ఇంజనీరు మూడుకాళ్ళ దుర్భిణి పెట్టి ఏటిని ఒక కంటితో చూసేవాడు. మగవాళ్ళంతా సంబరపడ్డారు. మా మావయ్యకు ఎకరం మెట్ట ఉండేది. కాలువ వస్తే వరి వేస్తానని ఆయన అప్పుడే గట్లు ఎక్కడ పెట్టాలో కర్రతో గీసి చూపించేవాడు. ఆనకట్టలంటే నాకున్న జ్ఞానానికి ఒక్కసారిగా విలువ పెరిగింది. గ్రంథపాలకుణ్ణి అడిగి ఆ బీరువాలో ఆనకట్టల పుస్తకం కనిపించినదల్లా తెచ్చాను.

ఒక మధ్యాహ్నం స్కాట్లండు అనే చలిసీమ గురించి చదువుతున్నాను. యుద్ధం అయ్యాక అక్కడి కొండల్లో కరెంటు కోసం ఆనకట్టలు కట్టారు. కడితే ఒక చేప ఎగువకు పోలేకపోతుందని, కట్ట పక్కనే దానికోసం మెట్లు మెట్లుగా నీటి తొట్లు కట్టించారు.

రాట్నాలన్నీ ఆగిపోయాయి.

"సేపలకి మెట్లా?" అంది పిన్ని. "కాళ్ళున్నాయేటే ఆటికి?"

"ఎగురుతాయి పిన్నీ. ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి ఎగురుతూ ఎక్కుతాయట."

"సింహాచలం మెట్లెక్కినట్టు! మొక్కుబడి ఉన్న సేపలన్నమాట."

అరుగంతా ఘొల్లుమంది. నవ్వనిది మా అత్త ఒక్కతే. ఆవిడ చేతిలో దవడ అలాగే ఉండిపోయింది.

"ఒసే, మెట్లు నేకపోతే ఆ సేప ఏటవుద్దంట?"

"పైకి రాదు అత్తా. గుడ్లు పెట్టదు. కొన్నాళ్ళకు ఆ ఏట్లో కనబడదు."

"మరి మనోళ్ళు కట్టీ దానికి మెట్లున్నాయా?"

నాకు తెలియదన్నాను. నా పుస్తకాల్లో మన ఏరు లేదు.

అత్త దవడను ఒళ్ళో పెట్టుకుంది. "సేప రాపోతే దవడ రాదు. దవడ రాపోతే ఇది నేదు" అంటూ ఎదురుగా ఉన్న చిలపను చూపించింది. "మిల్లు ఏకులు తెచ్చి ముతకనూలు వడకమంటారు. అంతే గదా?"

మిల్లులోనే దువ్వి చుట్టిన పత్తి ఏకులు అప్పటికే సంఘానికి వస్తున్నాయి. అవి తాడు పేనడానికే పనికొస్తాయని అత్త వాటిని ముట్టుకునేది కూడా కాదు.

ఆ సాయంత్రం మావయ్యతో పెద్ద గొడవే అయింది.

"కట్ట వద్దంటన్నావా? నీ సేప దవడ కోసం నా వరి ఆగిపోవాలా?" అన్నాడాయన.

"వద్దని ఎవులన్నారు? కట్టుకోమను. పక్కన మెట్లెయ్యమంటన్నాను. రాయే గదా, నీ వరినేటి తింటాదా అది?"

మర్నాటి నుంచి అరుగు మీద మెట్ల కొలతలు మొదలయ్యాయి. వాలుగ మూరన్నర పొడుగుంటుంది కాబట్టి తొట్టి రెండు మూరలుండాలని ఒకావిడ. తిరగడానికి చోటు చాలదు, మూడు మూరలని ఇంకొకావిడ. బాలింత చేపలు ఎగరలేవు, వాటికి మెట్టు పొట్టిగా ఉండాలని పిన్ని. నేను పుస్తకంలోని బొమ్మ చూసి సుద్దతో అరుగు మీద గీశాను. ఒక దేశపు ఇంజనీర్లు ఏళ్ళతరబడి చేసిన పనిని మేము మూడు మధ్యాహ్నాల్లో తేల్చేశాం.

అప్పుడే ఇంకొక కబురు వచ్చింది. ఆనకట్ట చోటు చూడటానికి మంత్రిగారు వస్తున్నారు, దారిలో మా వీధిలో ఆగి ఖద్దరు వడకడం చూస్తారు. నూలుదండ వేసేది మా అత్తే.

సంఘం పెద్దాయన స్వయంగా వచ్చాడు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే. ఖద్దరు ఎలా తయారవుతుందో ఆయనకు మాకెంత తెలుసో అంతే తెలుసు. అరుగంతా చూసి, గొంతు తగ్గించి మా అత్తతో చెప్పాడు.

"అప్పా, మంత్రిగారు ఉల్లిపాయ కూడా ముట్టరంట. నిష్ఠగల మనిషి. ఆ దవడలన్నీ లోపలెట్టీయండి. ఏకులు రాట్నానికి తగిలించి వడికి సూపించండి సాలు. ఏటీ అడక్కండి. నమస్కారం పెట్టండి, దండెయ్యండి, అంతే."

"అలాగే బాబూ" అంది అత్త, ఆయన వైపు చూడకుండా.

ఆయన వీధి మలుపు తిరగగానే నా వైపు తిరిగింది. "ఇలా రాయే. నువ్వు మంత్రివి. కూకో."

మా ఆయన కండువా భుజాన వేసుకుని, మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, రోలు బోర్లించి దాని మీద కూర్చున్నాను. నాయకులు ఎలా మాట్లాడతారో గ్రంథాలయం పేపర్లలో వారం వారం చదివేదాన్ని కాబట్టి ఆ పాత్ర నాకు కొట్టినపిండి.

"సోదరీమణులారా," అన్నాను, "మీ కష్టసుఖాలు నాకు తెలుసు."

"తెలిస్తే మరి మెట్లు కట్టీసి రా, ఇక్కడికెందుకొచ్చినావు?"

"అత్తా! అలా అనకూడదు."

"సరే. బాబూ, మా ఏట్లో వాలుగ ఉన్నాది..."

"పరిశీలిస్తాం."

"ఇంకా సెప్పనేదు గదే!"

"వాళ్ళు అలాగే అంటారత్తా. చెప్పకముందే పరిశీలిస్తామంటారు."

పిన్ని నా వెనక విసనకర్ర పట్టుకుని కార్యదర్శిలా నిలబడి ప్రతి మాటకూ "రాసుకున్నానండి, రాసుకున్నానండి" అంటోంది. అత్త ఆఖరికి విసిగిపోయి, "నువ్వు దిగు. నిన్ను ఎన్నుకున్నోళ్ళకి బుద్ధి నేదు" అని నన్ను పదవి నుంచి దించేసింది.

మంత్రిగారు వచ్చిన రోజు వీధికి మామిడాకుల తోరణాలు, నీళ్ళు చల్లిన నేల, జనం. నాలుగు కార్లు, వెనక ఆ కుర్ర ఇంజనీరు జీపు. మంత్రిగారు పొట్టిగా, చల్లటి మొహంతో, మల్లెపువ్వు లాంటి పంచెతో అరుగెక్కారు. ఆ పంచె చూడగానే మా ఆడవాళ్ళ కళ్ళన్నీ దాని అంచుకు అతుక్కుపోయాయి. అత్త నన్ను మోచేత్తో పొడిచింది. అది మా వైపు నూలే. అంత సన్ననూలు ఇంకెక్కడా రాదు.

దండ వేయడం అయింది, వడికి చూపించడం అయింది. మంత్రిగారు ముచ్చటపడి, "మీకేమైనా కావాలా అమ్మా?" అని అడిగారు.

"తమ దర్శనమే చాలండి, ఇంకేమీ..." అంటున్నాడు సంఘం పెద్దాయన.

"సేపలకి మెట్లు కావాల బాబూ" అంది అత్త.

పెద్దాయన నవ్వబోయాడు. "పెద్దావిడండి, ఏదో..."

"చేపలకా అమ్మా?" అన్నారు మంత్రిగారు.

అత్త బొడ్లోంచి దవడ తీసి ఆయన అరచేతిలో పెట్టేసింది. దండ కోసం చేతులు చాపినట్టే ఆయన దాన్నీ అందుకున్నారు. తర్వాత చూసుకున్నారు.

"ఏమిటిది?"

"వాలుగ దవడ. దీంతోటే పత్తి దువ్వీది. నువ్వు కట్టుకున్న పంచి మీద కూడా ఇదే ఆడింది బాబూ. సూడు, ఎంత మెత్తగున్నాదో."

సంఘం పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మంత్రిగారు దవడను చూశారు, పంచెను చూశారు, మళ్ళీ దవడను చూశారు. వెనకున్నవాళ్ళలో ఒకాయన జేబురుమాలు తీసి ముందుకు వచ్చాడు. మంత్రిగారు దాన్ని తీసుకోలేదు.

"అయితే ఇరవై ఏళ్ళుగా నేను చేపను కట్టుకుని శాకాహారం మీద ఉపన్యాసాలిస్తున్నానన్నమాట" అని పకపకా నవ్వేశారు. అప్పుడు జనం ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన కూడా కళ్ళు తెరిచాడు.

అత్త నవ్వలేదు. కట్ట కడితే చేప రాదని, అది రాకపోతే ఈ పంచె కూడా రాదని, అందుకే మెట్లు అడుగుతున్నానని మొత్తం చెప్పింది. నేను ఆడిన మంత్రి కంటే అసలు మంత్రి ఎంతో నయం, చివరిదాకా విన్నారు. విని ఇంజనీరును పిలిచారు.

"ఏమయ్యా, మీ నక్షాలో చేపలకు మెట్లున్నాయా?"

అతను కృష్ణా జిల్లావాడు, మొదటి ఉద్యోగం. ఎండకు కందిన మొహం ఇంకా ఎర్రబడింది. "లేవండి. ఆ మెట్లు సముద్రంలోంచి ఏట్లోకి ఎక్కే చేపలకండి. వాలుగ అలాంటిది కాదు. అది సముద్రంలోకి పోదు. కట్ట వెనక నిలవనీట్లో ఇంకా బాగా పెరుగుతుందండి."

"స్కాట్లండులో కట్టారు కదండీ" అన్నాను నేను. అనకుండా ఉండలేకపోయాను.

అతను నన్ను చూశాడు. ఆ ఊరి అరుగు మీద స్కాట్లండు వినబడుతుందని అతను అనుకోలేదు. "ఆ పుస్తకంలో తర్వాతి పేజీ చూడండమ్మా. ఆ చేప ఎక్కడ పుట్టి ఎక్కడ పెరుగుతుందో రాసి ఉంటుంది" అన్నాడు. ఎగతాళిగా కాదు, ఒక పాఠకుడు ఇంకొక పాఠకురాలితో అన్నట్టే.

నిజమే, ఆ రోజు మెట్ల దగ్గర నవ్వులతో ఆగిన పుస్తకాన్ని మేము మళ్ళీ తెరవలేదు, కొలతల్లో పడిపోయాం.

అత్తకు పేజీలతో పని లేదు. ఇంజనీరు మొహంలోకి చూసి, "బాబూ, కట్ట ఎనకాల నీట్లో పెరిగిన వాలుగని నువ్వు సూసినావా?" అంది.

"లేదండీ. నేను చేపలు తినను. చదివాను."

"మా కోడలూ సదివింది."

మంత్రిగారు దవడను అత్త చేతిలో జాగ్రత్తగా తిరిగి పెట్టి, "ఈవిడకు జవాబు చెప్పకుండా పని మొదలుపెట్టకు నాయనా" అని నవ్వుతూ కారెక్కారు. అది సరదాకే అన్నారని అందరికీ తెలుసు. కుర్ర ఇంజనీరుకు మాత్రం తెలియలేదు.

నేను ఆ సాయంత్రమే తర్వాతి పేజీ చదివాను. అతను చెప్పినట్టే ఉంది. అత్తకు గట్టిగా వినిపించాను కూడా.

"కాయితం మీద సేప ఈదదే" అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి దువ్వడంలో ఆవిడ చెయ్యి నెమ్మదించింది. ఉన్న దవడను అరగదీయకుండా, బెల్లంగడ్డలా దాచి దాచి వాడటం మొదలుపెట్టింది. చేపలమ్మే ఆవిడ వస్తే బుట్ట మొత్తం తిరగేసి, చిన్నవీ వంకరవీ కూడా తీసుకుని పెట్టుకుంది. ఆవిడ దేన్నైనా ఎంచకుండా తీసుకోవడం నేను అప్పుడే చూశాను. నాకు అది బాగా అనిపించలేదు.

చలిగాలులు మొదలయ్యాక ఒక ఉదయం జీపు మా ఇంటి ముందు ఆగింది. ఇంజనీరు చేతిని ఒంటికి వీలైనంత దూరంగా చాపి దిగాడు. ఆ చేతిలో పేపర్ల పొట్లం. వీధి చివర కుక్కలు కూడా లేచాయి.

"అమ్మగారూ, శిక్షణకని ఒక పాత ఆనకట్టకు పంపారండి. కట్టి చాలా ఏళ్ళయింది. దాని వెనక చెరువులో పట్టిన వాలుగండి ఇది. జాలరి నా ఎదుటే కోశాడు. రైల్లో నా పక్కవాళ్ళంతా లేచి వేరే పెట్టెకు పోయారు" అన్నాడు.

అత్త పొట్లం విప్పింది. నా చూపు ముందు ఆ పేపర్ మీద పడింది, ఏదో వంతెన ప్రారంభం గురించిన వార్త, సగం తడిసింది. ఆవిడ చూపు దవడ మీద పడింది. అది మామూలు దవడకు ఒకటిన్నర ఉంది.

"ఓరి నాయనా, పచ్చిది అలాగే సుట్టి తెచ్చినావా? కడగాల, ఉప్పు రాయాల, ఎండలో ఎట్టాల. ఇప్పుడేటీ సెప్పలేను. ఎండినాక రా."

ఇంజనీరు తలూపి వెళ్ళిపోయాడు. దేశంలో ఎక్కడా ఏ ప్రభుత్వమూ ఒక పథకాన్ని దవడ ఎండేదాకా ఆపి ఉండదు. వారం తిరిగేసరికి అతను చెప్పిన మాట ప్రకారం వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ని రాట్నం వదిలేసి వచ్చింది. మావయ్య కూడా పొలం నుంచి వచ్చి, గుంజకు ఆనుకుని, తనకేమీ పట్టనట్టు నిలబడ్డాడు.

అత్త ఎండిన దవడను చెంపకు రాసుకుంది. సన్ననూలుకు వాడే కొండపత్తి కాయ ఒకటి తీసుకుని పోగులు విప్పింది. మొదటి లాగుడు ఉత్తినే లాగింది. రెండోది అటూ ఇటూ తిప్పింది. తర్వాత దువ్వుతూనే పోయింది, ఎవరి వైపూ చూడలేదు. పోగులు నీళ్ళలా సాగి ఒకే దిక్కుకు వాలాయి. నలుసులు ఒళ్ళో రాలాయి. ఇంజనీరు ఇంత దగ్గరగా దాన్ని ఎప్పుడూ చూడలేదు, ముక్కు మూసుకోవడం మరిచిపోయి ముందుకు వంగాడు.

"ఏటైందే?" అన్నాడు మావయ్య, ఇక ఉండబట్టలేక.

అత్త దువ్విన పత్తిని వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూసింది. ఆవిడ కళ్ళకు ఏం కనిపించిందో కానీ వేళ్ళతో మాత్రం రెండుసార్లు తడిమింది.

"పళ్ళు బాగున్నాయి. మన ఏటి సేపకన్నా ఒత్తుగున్నాయి" అంది. తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, "కట్టుకో బాబూ. మెట్లక్కర్నేదు" అంది.

అతను లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆనక కాస్త నసిగి, అనుమతి కాగితాలు ఇంకా ఢిల్లీ నుంచి రాలేదండీ, ఎప్పుడొస్తాయో తెలియదండీ అన్నాడు.

"ఆళ్ళ సంగతి నాకేటి తెలుస్తాది?" అంది అత్త, ఇంకో పత్తికాయ చేతిలోకి తీసుకుంటూ. "నానయితే ఇచ్చీసినాను."